చర్చిలో డీకన్లు (సేవా పనుల కోసం ఎన్నుకున్న పరిచారకులు) ఉన్నా విధవరాళ్లకు సాయం అందడం లేదన్న ప్రశ్నకు

మీరు రాసినదాన్ని బట్టి, డీకన్లకు పదవి ఇచ్చారు గానీ ఫలానా పని అని అప్పగించలేదు. అందుకే అందరూ కమిటీ సమావేశాలకు వస్తున్నారు, విధవరాళ్ల ఇళ్లకు ఎవరూ వెళ్లడం లేదు.

1. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరిగింది. ఆ పని కోసమే ఏడుగురిని ఎన్నుకున్నారు.

2. చాలా సంఘాలు వదిలేసేది పరీక్ష. పరిచారకులను మొదట పరీక్షించాలని 1 తిమోతి 3:10 స్పష్టంగా చెబుతోంది. కొత్తవారిని ఎన్నుకునే ముందు కొన్ని నెలలు పని ఇచ్చి చూడండి: రోగులను పరామర్శించడం, బియ్యం చేర్చడం, కానుకల లెక్క ఇద్దరు కలిసి రాయడం. డబ్బున్నవాడని, పాస్టరుగారి బంధువని దయచేసి ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి.

3. ఇప్పుడున్నవారికి తలా కొన్ని ఇళ్లు పంచి, నెలనెలా సంఘం ముందు లెక్క చెప్పమనండి.