నల్లర్‌బోర్ దారిలో సైకిల్: నీళ్లు, గాలి, తెగిన స్పోకులు

ప్రశ్న: జూన్‌లో ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి నల్లర్‌బోర్ మైదానం మీదుగా అడిలైడ్‌కు ఒంటరిగా సైకిల్ మీద వెళ్తున్నాను. బల్లడోనియా, కైగూనా రోడ్‌హౌస్‌ల (దారి పక్కన పెట్రోలు, తిండి, బస దొరికే చోట్లు) మధ్య 182 కిలోమీటర్లలో ఏమీ దొరకదట. రోజుకు 150 తొక్కే అలవాటుంది. తెల్లవారుజామున బయల్దేరితే ఒక్క రోజులో దాటగలనా? నీళ్లు ఎన్ని కావాలి?
– ఒక పాఠకుడు, పెర్త్

జవాబు: రెండు రోజుల దారిగానే లెక్క వేసుకోండి. బల్లడోనియా దాటాక సుమారు 35 కిలోమీటర్లకు మొదలయ్యే రోడ్డు 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా సాగుతుంది. వంపు లేదంటే ఎదురుగాలి నుంచి తెరిపి కూడా లేనట్టే. జూన్ అక్కడ చలికాలం, అప్పుడు పడమటి గాలులే ఎక్కువ కాబట్టి తూర్పుకు వెళ్లే మీకు అనుకూలమే. కానీ గాలి తిరిగిన రోజున గంటకు 20 కిలోమీటర్ల వేగం 12కు పడిపోతుంది. జూన్‌లో పగలు ఉండేదే 10 గంటలు. చీకటి పడ్డాక మాత్రం తొక్కొద్దు, కంగారూలు రోడ్డెక్కేది అప్పుడే.

నీళ్లు తాగడానికి రోజుకు 5 లీటర్లు, వంటకు ఒకటిన్నర. రెండు రోజులకు 13, అత్యవసరానికి ఇంకో 3. ఈ 16 కిలోలూ వెనక క్యారియర్ మీదే వేస్తే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ ఊగుతుంది. సగం ముందు సంచుల్లో అడుగున పెట్టండి. ఒకే పెద్ద సంచిలో నింపొద్దు, అది చిరిగితే మొత్తం పోతుంది. రోడ్‌హౌస్‌లలో కుళాయి నీళ్లు తాగొచ్చని అనుకోకండి. ఆ నేలలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సీసాలు కొనాల్సిందే.

రోడ్డు ట్రెయిన్లనే లారీలు 36.5 మీటర్ల దాకా పొడవుంటాయి. పక్కనుంచి వెళ్లేటప్పుడు గాలి ముందు బయటికి నెట్టి, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. అక్కడా మన లాగే ఎడమ వైపు ప్రయాణం కనుక అద్దం హ్యాండిల్‌కు కుడివైపున బిగించండి. ఎదురుగా ఒకటి, వెనక ఒకటి ఒకేసారి వస్తుంటే ఆలోచించకుండా రోడ్డు దిగిపోండి. రోడ్‌హౌస్‌ల మధ్య ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేం. ఉపగ్రహానికి సంకేతం పంపే అత్యవసర బీకన్ లేకుండా ఒంటరిగా వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం.

రాత్రి గుడారం వేసే చోటుకు సైకిల్‌ని నడిపించకండి, ఎత్తుకుని వెళ్లండి. మన పల్లేరు ముళ్లు అక్కడా ఉన్నాయి. కైగూనా దాటాక గడియారం పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుంటుంది. రోడ్‌హౌస్ వంటగది మూసే వేళ చూసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పండ్లు, కూరగాయలు సెడూనా చెక్‌పోస్టుకు ముందే తినేయాలి, అక్కడ తీసేసుకుంటారు.

ప్రశ్న: సామాను వేస్తే వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులే తెగుతున్నాయి. దారిలో ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గేర్ల చక్రాలకు చోటివ్వడానికి అటువైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. బరువుకు హబ్ (చక్రం నడుమ భాగం) దగ్గర ఉండే వంపులో అలసి తెగుతాయి. స్పోకు మార్చాలంటే కాసెట్ (గేర్ల పళ్లచక్రాల గుత్తి) ఊడదీయాలి. దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను విప్పే పనిముట్టు కావాలి. అది లేకపోతే కెవ్లార్ అనే గట్టి దారంతో చేసిన తాత్కాలిక స్పోకు ఉంచుకోండి, కాసెట్ తీయకుండానే కట్టొచ్చు. అదీ లేకుంటే, తెగినదానికి అటూ ఇటూ ఉన్న ఎడమవైపు స్పోకులు రెండింటినీ అర చుట్టు వదులు చేయండి. రిమ్ బ్రేకుకు రాసుకోవడం తగ్గుతుంది. ఇంటికొచ్చాక 36 స్పోకుల చక్రం కట్టించుకోండి. కొత్త స్పోకులు కొనేటప్పుడు గేర్ల వైపువి కాస్త పొట్టిగా ఉంటాయి, రెండు కొలతలూ రాసిపెట్టుకోండి.