గోమారికి కొట్టం చూడు, గజ్జికి చర్మం చూడు

చిరంజీవి రమణకు మేనమామ దీవించి వ్రాయునది.

ఉద్యోగం మానుకొని ఆత్మకూరు దగ్గర జెర్సీ సంకర ఆవులను, జోడిపి గొర్రెలను పెంచబోతున్నావని మీ అమ్మ చెప్పగానే గర్వమూ గుబులూ రెండూ కలిగాయి. మేత, నీడ, నీళ్ల సంగతి నీకు తెలిసినదే. మీ తాతగారి పాత రాతిగోడల కొట్టాన్నే వాడుకుంటానన్నావట, నా భయమంతా అక్కడే ఉన్నది.

గోమారీ (అదే, పిడుదు), గజ్జి పురుగూ దగ్గరి చుట్టాలే. ఎదిగినవాటికి రెండింటికీ ఎనిమిదేసి కాళ్లుంటాయి. కానీ గోమారి కంటికి కనిపిస్తుంది, నెత్తురు తాగి ఆముదపు గింజంత ఉబ్బి నేల రాలుతుంది, గోడ నెర్రెల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గజ్జి పురుగు కంటికి ఆనదు. పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం అన్నీ పశువు ఒంటిమీదనే.

మా వీధిలో ఒకాయన ఈ తేడా పట్టించుకోలేదు. ఆవు చెవుల్లోనూ పొదుగు దగ్గరా గోమార్లు కనబడినప్పుడల్లా ఒంటికి మందు పూసేవాడు, నాలుగు వారాలు తిరిగేసరికి మళ్లీ అవే. కొట్టం గోడలకు మందు కొట్టమంటే, గోడకు రోగమా అని నవ్వేవాడు. ఎండాకాలంలో ఆవుకు తీవ్రమైన జ్వరం వచ్చి, భుజం ముందరి బిళ్లలు వాచాయి. వడదెబ్బ అనుకొని నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. అది గోమారి మోసుకొచ్చే థైలేరియా అనే జబ్బు. తొలినాళ్లలోనే బుపార్వాక్వోన్ సూది పడితే నిలిచేదేమో, డాక్టరు వచ్చేసరికి ఆవు లేవలేని స్థితిలో ఉన్నది. మన ఒంగోలు పశువు తట్టుకున్నంతగా సంకర ఆవు దీన్ని తట్టుకోలేదురా. చదువుకున్నవాడివి, నువ్వు కూడా నవ్వితే చెవి మెలిపెడతాను.

వెంట్రుకలు రాలి, చర్మం మందమై ముడతలు పడి, పశువు గుంజకు ఒళ్లు రుద్దుకుంటున్నా పురుగేమీ కనిపించకపోతే గజ్జిగా అనుమానించు. డాక్టరుచేత చర్మం గీకించి సూక్ష్మదర్శినిలో చూపించు. ఐవర్‌మెక్టిన్ సూది ఒకసారితో సరిపోదు, గుడ్లు చావవు కనుక ఆయన చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. ఆయన వద్దన్నన్ని రోజులు పాలు పోయవద్దు. తగిలిన పశువును విడిగా కట్టెయ్యి, దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కో, ఆ దురద మనుషులకూ తగులుతుంది.

ముందు గోడ నెర్రెలు సిమెంటుతో పూడ్పించి, డాక్టరు చెప్పిన పాళ్లలో మందు కొట్టించు, ఆ తరువాతే ఆవులను తోలుకొని రా. డబ్బు చాలకపోతే నన్నడుగు, మీ అమ్మ గాజుల జోలికి పోవద్దు.

మీ మామయ్య,
బుచ్చిరెడ్డిపాళెం