కుడి లైనులో లారీ, ఎడమ పక్క ఖాళీ: దాటొచ్చా?

మీరు కారు కొత్తగా నేర్చుకున్నారు. వారానికోసారి నెల్లూరు నుంచి ఒంగోలు పోయి రావాలి. లారీలు కుడి లైను వదలవు, హారన్ కొట్టినా జరగవు. ఎడమ పక్క ఖాళీగా ఉంటే అటు నుంచి దాటేయొచ్చా, అసలు ఏ లైనులో ఉండాలి అని కదా అడిగారు. పదకొండేళ్లుగా ఆ రోడ్డు మీద తిరుగుతా ఉన్నా. మొదట్లో నేనూ ఎడమ నుంచి దాటేసినోణ్ణే, అందుకని చెప్తున్నా.

ముందు రూలు. 1989 నాటి రోడ్డు నిబంధనల్ని తీసేసి 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు తెచ్చారు. రెండింట్లోనూ మూలసూత్రం ఒకటే: ఎడమ పక్కగా పోవాలి, కుడి నుంచి దాటాలి. ముందు బండి కుడికి తిరగబోతూ ఇండికేటర్ వేసి రోడ్డు మధ్యకు జరిగితే అప్పుడు దాన్ని ఎడమ నుంచి దాటొచ్చు. మన లారీ కుడికి తిరగడం లేదు, నేరుగా ఒంగోలుకే పోతా ఉంది. కాబట్టి ఆ మినహాయింపు మీకు రాదు. అయినా రోడ్డు మీద పదిమందిలో తొమ్మిది మంది ఎడమ నుంచే పోతారు, అదీ నిజమే.

నాకు బుద్ధి వచ్చింది కావలి దాటాక, 2016 వేసవిలో. పొద్దున ఏడు గంటలప్పుడు కుడి లైనులో ఒక లోడు లారీ, మధ్య లైనులో ఇంకొకటి, రెండూ జోడెద్దుల్లాగా పక్కపక్కనే పోతా ఉన్నాయి. మా మేనమామ పక్క సీట్లో కునుకు తీస్తున్నాడు. ఆయన ఇరవై ఎనిమిదేళ్లు లారీ తోలినాడు, నెల్లూరు బియ్యం మద్రాసుకు దించి వచ్చేవాడు. నాకు కాస్త ఓపిక తక్కువ. ఎడమ లైను చివరిదాకా ఖాళీగా కనిపించింది, స్టీరింగు తిప్పా. సగం లారీ దాటానో లేదో, మార్జిన్ అంచున ఎదురుగా ఒక మోపెడ్, వెనక సీటు మీద ఇంత గడ్డి మోపు. కుడి పక్క లారీ చక్రాలు, జరగడానికి జానెడు చోటు లేదు. గడ్డి మోపు నా ఎడమ అద్దాన్ని తీసుకుపోయింది. దేవుడి దయవల్ల మోపెడ్ ఆయన పడలేదు, కాలు ఆనించి నిలబడ్డాడు. రాంగ్ రూట్లో వచ్చిందీ ఆయనే, నన్ను పావుగంట తిట్టిందీ ఆయనే.

మామ లేచి, అద్దం ఊడిన చోటు చూసి ఒక్క మాటన్నాడు: "అల్లుడా, నువ్వు లారీని చూసినావు గానీ, లారీవోడు ఏం చూసినాడో చూడలా."

మీ ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. లారీవోడు కుడి లైను పట్టుకునేది ఊరికే పొగరుకొద్దీ కాదు (పొగరు ఉన్నోళ్లూ ఉంటారు, కాదనను). ఆయన మీకంటే ఎత్తున కూర్చుంటాడు, మీకంటే దూరం కనిపిస్తుంది. ఎడమ లైనులో ఏముంటాయో ఆయనకు తెలుసు: టైరు పంక్చరై వెనక లైట్లు లేకుండా నిలబెట్టిన బండి, కంకర టిప్పర్ రాల్చిపోయిన రాళ్లు, ఊరి దగ్గర మనిషి చెయ్యెత్తగానే ఆగే షేర్ ఆటో, రాంగ్ రూట్లో వచ్చే మోపెడ్. లోడు బండిని మాటిమాటికీ బ్రేకేసి మళ్లీ లేపాలంటే గేర్లు మార్చలేక చావాలి, డీజిలూ పోతుంది. అందుకని ఏ అడ్డమూ లేని లైను చూసుకుని అందులోనే పడి ఉంటాడు. అది తప్పే. కానీ ఆ తప్పు వల్ల మీకు ఒక సంగతి తెలుస్తుంది: మన దారుల్లో ఎడమ లైను ఖాళీగా ఉందంటే దానికి ఏదో కారణం ఉంటుంది. హైవే దిగి బుచ్చిరెడ్డిపాళెం వైపు పోయారనుకోండి, కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. రాత్రిపూట అదీ ఖాళీ లైనులాగానే కనిపిస్తుంది.

రాంగ్ రూట్లో రావడాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, రెండూ పడొచ్చు. చట్టం గట్టిదే. అయితే యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే పొలానికి పోయే మనిషి చట్టం చూడడు, అడ్డదారి చూస్తాడు. కాబట్టి ఎదురుగా మోపెడ్ వస్తుందనే అనుకుని తోలండి.

మరి ఏం చేయాలి? ఆగండి. ఒక లారీ ఇంకో లారీని దాటుతుంటే రెండింటి వేగానికీ తేడా ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. అది దాటి ఎడమకు రావడానికి అరనిమిషం పైనే పడుతుంది. వందలో పోయే మీరు ఆ అరనిమిషమూ అరవైలో దాని వెనక పోయారనుకోండి, నష్టపోయేది పదిహేను సెకన్లు లోపే. నేను కాగితం మీద లెక్కేసుకున్నా, ఆ అద్దం మార్పించిన రోజు.

వెనక ఉండేటప్పుడు మరీ అతుక్కోవద్దు. లారీ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించరు, హారన్ ఎంత కొట్టినా దండగ. కాస్త వెనక్కి తగ్గి, అద్దంలో కనిపించేలా ఉండి, రెండుసార్లు డిప్పర్ కొట్టండి, అంటే హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పండి. ఎక్కువమంది జరుగుతారు. దూరానికి మామ లెక్క ఇది: ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు" అనుకోవాలి, అవి పూర్తయ్యేలోపు మీరు ఆ స్తంభం దగ్గరికి రాకూడదు. ఎనభైలో పోతుంటే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకు 66. వానలో ఆ లెక్కను రెండింతలు చేసుకోండి.

ఇక ఏ లైను అంటారా. నెల్లూరు దాటాక ఒంగోలు వైపు ఒక్కో పక్క మూడు లైన్లు ఉన్నాయి కదా, కొత్తలో మధ్య లైనులో ఉండండి, ఊళ్లు వచ్చినచోట వేగం తగ్గించండి. కుడి లైను దాటడానికే, దాటాక అద్దం చూసి మళ్లీ మధ్య లైనులోకి వచ్చేయండి. డివైడర్ ఉండి నాలుగు లైన్లు, అంతకంటే ఎక్కువ ఉన్న రోడ్డు మీద కారుకు కేంద్రం 2018లో పెట్టిన పరిమితి వంద, లారీకి ఎనభై. బోర్డు మీద అంతకంటే తక్కువ ఉంటే బోర్డుదే మాట. మీరు కుడి లైనులో ఎనభైలో పోతూ ఉంటే వెనకోడి దృష్టిలో మీరూ ఒక లారీనే, ఆ సంగతి గుర్తుంచుకోండి. ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు దాటిన వెంటనే ఎగబడొద్దు. ప్రతి గేటు నుంచీ లోడు బండ్లు మెల్లగా కదిలి ఎవరి లైను వాళ్లు వెతుక్కుంటా ఉంటాయి.

ఒంగోలు ఊళ్లోకి వచ్చాక ఇంకో ప్రమాదం. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు తెచ్చే ట్రెయిలర్లు ఎడమకు తిరగాలంటే ముందు కుడికి లాగుతాయి, లేకపోతే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అప్పుడు ఎడమ పక్క చక్కటి సందు తెరుచుకుంటుంది. ఆ సందులో దూరిన బండి ట్రెయిలర్ వెనక చక్రాలకూ గట్టుకూ మధ్య ఇరుక్కుంటుంది. తిరిగే ట్రెయిలర్ పక్కకు ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు.

లారీవోడు వేసే కుడి ఇండికేటర్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. కొందరు "దాటి పో" అని వేస్తారు, కొందరు "ఎదురు బండి వస్తా ఉంది, ఆగు" అని వేస్తారు, కొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. మామను అడిగితే "నాకూ తెలియదురా, ముందు టైరు ఎటు తిరిగిందో చూడు" అన్నాడు. నేరుగా పోతూ నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు ఉంటే మానేయండి, మీరు ఎటు తిరగబోతున్నారో వెనకోడికి తెలియదు.

వేసవిలో ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడికాయల బుట్టలు కనపడగానే కుడి లైనులోంచి అడ్డంగా కోసుకొచ్చే కార్లు మెండు. కాయలు కొనాలనుకుంటే మాత్రం అర కిలోమీటరు ముందే ఎడమకు వచ్చేయండి.