మొక్కజొన్న చేలో మందు కొట్టే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సాగరు కాలువ నీటిని నమ్ముకొని దర్శి పొలంలో మొక్కజొన్న వేశావనీ, మొలిచి పన్నెండు రోజులకే ఆకుల మీద తెల్ల మచ్చలు వచ్చాయనీ, దుకాణంలో ఇచ్చిన మూడు మందులూ కలిపి కొట్టవచ్చా అనీ అక్కయ్య ఫోనులో అడిగింది. ఇప్పుడే కొట్టవద్దు, నాయనా. ముందు చేలోకి దిగి చూడు.

మంచు ఆరకముందే వెళ్ళి, అయిదు చోట్ల ఇరవయ్యేసి మొక్కల సుడులు, అంటే నడిమి లేతాకుల చుట్టలు, విప్పు. తడిసిన రంపపు పొట్టులాంటి పెంట కనబడితే పుల్లతో తప్పించు. దాని కిందే పురుగు ఉంటుంది. కాస్త ఎదిగిన దానిని అరచేతిలో వేసుకొని చూస్తే తల మీద తలకిందులైన 'వై' అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు కనబడతాయి. అదే 2018లో కర్ణాటకలో తొలిసారి కనబడి, మన దేశమంతా పాకిన కత్తెర పురుగు. పెంట పెద్దగా లేకుండా, విచ్చిన ఆకు మీద గుండుసూదితో గుచ్చినట్లు వరుసగా రంధ్రాలుంటే అది కాండం తొలిచే పురుగు పని. అది ముదిరితే మొవ్వు ఎండి, లాగగానే ఊడి వస్తుంది.

కత్తెర పురుగు వచ్చిన మొదటి ఏడు నేను పట్టపగలు ఆకుల మీదుగా మందు కొట్టించాను. పెంట కింద దాగిన పురుగును మందు చేరలేదు. పేనుబంకను తినే అక్షింతల పురుగులూ, పిల్ల పురుగులను పట్టే సాలీళ్ళూ మాత్రం రాలిపోయాయి. ఆ తప్పు నువ్వు చేయవద్దు. నూటికి అయిదు మొక్కల్లోనే పురుగుంటే గుడ్ల కుప్పలను ఏరి నలిపి, లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, డబ్బా మీద 1500 పీపీఎం అని రాసిన వేప మందు చాలు. పది దాటితే ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగు మందు లీటరుకు 0.4 గ్రాములు కలిపి, సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి తిప్పి కొట్టించు.

ఆకుకు అతుక్కుని బిగుసుకుపోయి, తెల్లటి బూజు పట్టి, తరవాత లేతాకుపచ్చగా మారిన పురుగులు కనబడితే వాటిని తీసివేయకు. మబ్బూ తేమా ఉన్న రోజుల్లో ఆ బూజే మిగతా పురుగులకు పాకి, మందు లేకుండానే వాటిని చంపుతుంది.

ఇక కలుపు. సాళ్ళ మధ్య మినుము వేశావు గనుక అట్రజిన్ అనే కలుపు మందు మాట తలపెట్టవద్దు. మొక్కజొన్న దానిని తట్టుకుంటుంది గాని, మినుము మాడిపోతుంది. మొదటి నలభై రోజులు ఊద, గలిజేరు పైరును మించకుండా కూలీలతో తీయించు. తుంగను మాత్రం పైపైన కోయిస్తే లాభం లేదు. గడ్డతో సహా తవ్వించాలి.

రేపు ఉదయం వంద మొక్కల్లో ఎన్నింటి సుడుల్లో పురుగు కనబడిందో లెక్కపెట్టి, ఆ అంకె నాకు చెప్పు. మందు డబ్బా మూత అప్పటిదాకా విప్పవద్దు.

మీ మామయ్య