సేబర్‌లో రెండు దీపాలూ వెలిగితే పాయింటు ఎవరిది?

ఆసియా క్రీడల ఫెన్సింగులో, అంటే కత్తిసాము పోటీల్లో, సేబర్ అనే కత్తితో ఆడే పురుషుల పోటీ రికార్డింగు చూస్తుంటే చాలాసార్లు ఎర్ర దీపమూ ఆకుపచ్చ దీపమూ కలిసే వెలిగాయనీ, అయినా పాయింటు ఒక్కరికే ఇచ్చారనీ, ఒక్కోసారి ఎవరికీ ఇవ్వలేదనీ మీరు రాశారు. ఇదంతా రిఫరీ ఇష్టమేనా, లేక మామూలు ప్రేక్షకుడికి పట్టుబడే లెక్క ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న. హైదరాబాదులో కాలేజీ రోజుల నుంచి ఆరేళ్లపాటు సేబర్ ఆడి, చెప్పుకోదగ్గ పతకమేదీ లేకుండానే మానేసి, ఇప్పుడు మా అన్నయ్య కొడుకును ప్రాక్టీసుకు తీసుకెళ్తున్నవాడిని కాబట్టి, నాకు తెలిసినంత రాస్తాను.

లెక్క ఉంది. దీపాలు వెలిగించే యంత్రం చెప్పేది దెబ్బ తగిలిందా లేదా అన్నది మాత్రమే. తగిలిన రెండింటిలో ఏది చెల్లుతుందో తేల్చేది రిఫరీ. సేబర్‌లో నడుము నుంచి పైభాగమంతా లక్ష్యమే, తలా చేతులూ కూడా. మణికట్టు దాటిన తర్వాత అరచేయి, వేళ్లు మాత్రం లెక్కలోకి రావు. మొనతో పొడిచినా, అంచుతో కొట్టినా చెల్లుతుంది. లోహపు దారం కలిపి నేసిన జాకెట్‌కు గానీ మాస్కుకు గానీ కత్తి తాకగానే దీపం వెలుగుతుంది. ఒకరి దెబ్బ పడిన 170 మిల్లీసెకన్లలోపు, అంటే సుమారు సెకనులో ఆరో వంతులోపు, రెండోవారి దెబ్బ కూడా పడితే ఇద్దరి దీపాలూ వెలుగుతాయి; ఆ వ్యవధి దాటితే రెండో దీపం వెలగదు. 2016 ఒలింపిక్స్ తర్వాత ఈ వ్యవధిని 120 నుంచి 170కి పెంచారు. ఎపీ అనే మరో ఆయుధంలో ఇద్దరికీ ఒకేసారి తగిలితే ఇద్దరికీ పాయింటు ఇస్తారు. సేబర్‌లో అలా కుదరదు, దాడి హక్కు ఎవరిదో తేలాలి.

ఈ హక్కును నేను మా వాడికి సిగ్నల్ పాడైన చౌరస్తాతో పోల్చి చెప్పాను. ముందుగా చౌరస్తాలోకి వచ్చి ఆగకుండా సాగుతున్న బండికి దారి ఇవ్వాలి. ఇవ్వకుండా రెండో బండివాడు కూడా దూరితే రెండు బళ్లకూ సొట్టలు పడతాయి, కానీ తప్పు మాత్రం ఒక్కడిదే. రెండు దీపాలంటే ఆ రెండు సొట్టలన్నమాట. ముందుగా బయలుదేరి, చేయి చాస్తూ, ఎక్కడా తెంపు లేకుండా ఎదుటివాడి మీదికి వెళ్లినవాడిది దాడి. దాన్ని కత్తితో అడ్డుకుంటే, దాన్నే పరీ అంటారు, హక్కు అడ్డుకున్నవాడికి మారుతుంది. అతను వెంటనే తిరిగి కొట్టే దెబ్బ చెల్లుతుంది. దాడి గాలిలో పోయినా హక్కు చేతులు మారుతుంది. ఇద్దరూ ఒకే క్షణంలో బయలుదేరి ఒకే తీరున కొట్టుకుంటే ఎవరికీ పాయింటు లేదు, మళ్లీ గీతల దగ్గరికి వెళ్లి నిలబడాల్సిందే. మీరు చూసిన ‘ఎవరికీ ఇవ్వని’ సందర్భాలు చాలావరకు ఇవే.

ఇంత తేలిగ్గా చెబుతున్న నేనే ఈ సంగతి నేర్చుకోవడానికి ఒక బౌటు, అంటే ఇద్దరి మధ్య పోరు, ఓడిపోవాల్సి వచ్చింది. నగరంలోనే ఒక ఇండోర్ హాలులో జరిగిన రాష్ట్రస్థాయి పోటీ అది. పొద్దుటి నుంచి నా బాడీ వైరు, అంటే జాకెట్‌నూ కత్తినీ యంత్రానికి కలిపే తీగ, మొరాయిస్తూనే ఉంది. చెమటకు తడిసిన జాకెట్ కింద అది కదిలినప్పుడల్లా యంత్రం కీచుమనేది, ఆట ఆపి ప్లగ్గు సరిచేసుకోవాల్సి వచ్చేది. చివరికి స్కోరు 14-14 దగ్గరికి వచ్చింది, ఇంకొక్క పాయింటు వచ్చినవాడిదే గెలుపు. రిఫరీ ‘ఆలే’ (మొదలుపెట్టండి) అనగానే నేనే ముందు అడుగు వేశాను, అది నాకు ఇప్పటికీ గుర్తు. కానీ రెండో అడుగు దగ్గర, ఎదుటివాడు ఏం చేస్తాడో చూద్దామని ఒక్క రెప్పపాటు ఆగాను. ఆ ఆగడంలో అతను చేయి చాచి బయలుదేరాడు, నేనూ దూకాను. రెండు దీపాలూ వెలిగాయి. గెలిచాననుకొని మాస్కు తీసి అరిచాను కూడా. రిఫరీ నిదానంగా చేయి అవతలివైపు చూపించి, దాడి అతనిదనీ, నాది ఎదురుదాడి మాత్రమేననీ చెప్పి పాయింటు అతనికిచ్చాడు.

రెండు రోజులు రిఫరీని తిట్టుకున్నాను. మూడో రోజు ప్రాక్టీసుకు వెళ్తే మా సార్ ఒకే మాట అడిగారు: “దీపం సంగతి తర్వాత, దానికి ముందు ఏం జరిగిందో చెప్పు.” చెప్పలేకపోయాను. ఆ తర్వాత నెల రోజులపాటు నా చేత పిల్లల బౌట్లకు రిఫరీ పని చేయించారు, అదీ యంత్రం మీద తువ్వాలు కప్పి. తగిలిందా లేదా అన్నది పిల్లలే చెప్పేవారు, ఎవరిది దాడో నేను నోటితో పూర్తి వాక్యంగా చెప్పాలి. మొదటి వారం నా తీర్పుల్లో సగం తప్పులే. కత్తుల వైపు చూస్తున్నంతకాలం తప్పులే వచ్చాయి. పాదాలనూ మోచేతినీ చూడటం మొదలుపెట్టాక దారిలో పడ్డాను. అప్పుడు గానీ నేను ఆ రోజు ఆగిన రెప్పపాటు రిఫరీకి ఎంత స్పష్టంగా కనిపించి ఉంటుందో నాకు అర్థం కాలేదు. (ఆ రోజుల్లో ముంజేతుల మీద తేలే వాతలు చూసి మా అమ్మ “ఎవడు కొట్టిండురా నిన్ను?” అని రోజూ అడిగేది. ఆట అని చెబితే నమ్మేది కాదు.)

కాబట్టి మీరు మళ్లీ చూసేటప్పుడు ‘ఆలే’ అన్న తర్వాతి మొదటి అర సెకను మీద దృష్టి పెట్టండి. ఆటగాళ్లు నాలుగు మీటర్ల ఎడంలో నిలబడి మొదలుపెడతారు, ఒక్కో పాయింటు రెండు మూడు అడుగుల్లోనే ముగుస్తుంది. 1990ల మొదట్లో కాళ్లు ఒకదాన్నొకటి దాటేలా ముందుకు పరుగెత్తడాన్ని సేబర్‌లో నిషేధించారు; లేకపోతే ప్రతి పాయింటూ ఇద్దరూ ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి ఢీకొనడంగానే ఉండేది. నాకౌట్ బౌటు 15 పాయింట్లకు ఆడతారు, ఒకరు 8కి చేరగానే ఒక నిమిషం విరామం ఉంటుంది. ఆ విరామం తర్వాత ఎవరు ముందుకు రావడం మానేసి వెనక్కి తగ్గి ఎదురుచూడటం మొదలుపెట్టారో గమనించండి, బౌటు మలుపు చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

ఆసియా క్రీడల్లో ఇలా చూడటానికి ఇద్దరు దక్షిణ కొరియా ఆటగాళ్ల కథ చాలు. కూ బాన్‌గిల్ 2010, 2014, 2018లలో వరసగా మూడుసార్లు వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. 2018లో జకార్తా ఫైనల్లో తన దేశానికే చెందిన ఓ సాంగ్‌ఉక్‌ను 15-14తో ఓడించాడు. స్వర్ణం గెలిస్తే కొరియా యువకులకు తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు వస్తుంది. కూకు అది అప్పటికే ఉంది, సాంగ్‌ఉక్‌కు లేదు. గెలిచినవాడు తమ్ముడి లాంటివాడి ముందు కన్నీళ్లు పెట్టుకోవడం ఆ రోజు జనం చూశారు. తర్వాత జట్టు స్వర్ణంతో సాంగ్‌ఉక్‌కు కూడా ఆ మినహాయింపు దక్కింది. హాంగ్‌జౌలో 2023లో మళ్లీ వాళ్లిద్దరే ఫైనల్లో ఎదురుపడితే ఈసారి సాంగ్‌ఉక్ 15-7తో గెలిచాడు. ఐదేళ్ల తేడాతో ఆ రెండు బౌట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి, 192 సెంటీమీటర్ల ఎత్తున్న సాంగ్‌ఉక్ మొదటి అడుగు ఎంత మారిందో మీకే కనిపిస్తుంది.

పూర్వం ఈ ఆటకు హంగరీ పుట్టినిల్లు లాంటిది. 1924 నుంచి 1964 వరకు జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ పురుషుల వ్యక్తిగత సేబర్ స్వర్ణం హంగరీ వారిదే. ఈ కాలంలో ఆ దేశానికే చెందిన ఆరోన్ సిలాగి 2012, 2016, టోక్యో ఒలింపిక్స్‌లలో వరసగా మూడు స్వర్ణాలు గెలిచాడు. అలాంటివాడు పారిస్‌లో తన తొలి బౌటులోనే కెనడాకు చెందిన ఫారెస్ అర్ఫా చేతిలో ఓడిపోయాడు. మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి ఫెన్సర్, చెన్నైకి చెందిన భవానీదేవి ఆడేది కూడా సేబరే, మహిళల విభాగంలో.

ఇక రిఫరీ ఇష్టం మాట. అది బొత్తిగా లేదని నేను చెప్పను. సిమల్టేనియస్, అంటే ఇద్దరిదీ ఒకేసారి, అన్న తీర్పుకూ, ఒకరిదే దాడి అన్న తీర్పుకూ మధ్య గీత చాలా సన్నం, ఒకే పాయింటును ఇద్దరు మంచి రిఫరీలు రెండు రకాలుగా చూడటం నేను ఎరుగుదును. అందుకే అంతర్జాతీయ పోటీల్లో వీడియో పెట్టారు. ఆటగాడు గాలిలో వేళ్లతో టీవీ ఆకారం గీసి అడిగితే రిఫరీ తెర దగ్గరికి వెళ్లి మళ్లీ చూస్తాడు. నాకౌట్‌లో రెండు అభ్యర్థనలుంటాయి, అడిగినవాడి మాట నిజమైతే అవి తరగవు. నా అభిప్రాయంలో సందేహాలు మిగిలేది పదింటిలో ఒకటీ రెండు పాయింట్ల మీదే, మిగతావి అలవాటుపడిన కంటికి తేటతెల్లంగానే ఉంటాయి.

ఆ అలవాటు ఇంట్లోనే చేసుకోవచ్చు. పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ 2024 జూలై 27న జరిగింది. మర్నాడు ఆదివారం, లాల్‌దర్వాజా బోనాలు. వీధిలో డప్పులు మోగుతుంటే నేనూ మా వాడూ తలుపులు మూసుకొని రికార్డింగు పెట్టుకున్నాం. దీపాలూ స్కోరూ కనిపించకుండా టీవీ కింది అంచుకు పాత క్యాలెండరు అట్ట టేపుతో అంటించాను. ప్రతి పాయింటుకూ రిఫరీ చేయి ఎత్తకముందే ఎవరిది దాడో వాడు పైకి చెప్పాలి. మొదట వరసగా తప్పులు చెప్పి విసుక్కున్నాడు. విరామం వచ్చేసరికి మూడింటిలో రెండు సరిగ్గా పట్టుకుంటున్నాడు. ఇందాక చెప్పిన సాంగ్‌ఉక్ 14-5తో నిలిచాడు, ఒక్క పాయింటు చాలు. అక్కడి నుంచి ట్యునీషియాకు చెందిన ఫారెస్ ఫెర్జానీ వరసగా ఆరు పాయింట్లు తెచ్చుకొని 14-11 చేశాడు. ఒక సందర్భంలో ఫెర్జానీ కిందపడితే సాంగ్‌ఉక్ చేయి అందించి లేపాడు కూడా. చివరికి సాంగ్‌ఉక్ 15-11తో గెలిచాడు. వ్యక్తిగత సేబర్‌లో కొరియా పురుషులకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఆ ఆరు పాయింట్లలో నాలుగింటిని మా వాడు సరిగ్గా చెప్పాడు, ఒకదాని దగ్గర నన్నే ఆపి, “బాబాయ్, నువ్వు కత్తి చూసినవ్, కాళ్లు చూడలే” అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే వాడు చెప్పిందే నిజం.