కుక్కపిల్లల్ని ఎత్తుకున్న నావికుడు

ప్రశ్న: మా తమ్ముడు మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. మొన్న సెలవుకి వస్తూ ఐర్లాండ్ నుంచి ఒక కాఫీ మగ్ తెచ్చాడు. దాని మీద పాత నలుపు తెలుపు ఫొటో. మొరటుగా ఉన్న ఒకాయన చేతుల నిండా కుక్కపిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డాడు. కింద టామ్ క్రీన్ అని ఉంది. ఎవరండీ ఈయన? అందులో కాఫీ తాగుదామంటే మా అత్తగారు ‘పోయినాయన ఫొటో ఉన్నదాంట్లో కాఫీ ఏంటమ్మా, షోకేసులో పెట్టు’ అంటున్నారు. రోజూ వాడితే బొమ్మ చెరిగిపోతుందా? ఇలాంటివి ఇక్కడే ఇంకో నాలుగు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఓడ మీద పనిచేసే కుర్రాడు ఇంకో ఓడవాడి ఫొటోనే ఏరి తెచ్చాడన్నమాట. టామ్ క్రీన్ 1877లో ఐర్లాండ్‌లోని అనాస్కాల్ పల్లె దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టాడు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో బ్రిటిష్ నేవీలో చేరాడు. అంటార్కిటికాకు మూడు యాత్రల్లో వెళ్లాడు. రెండుసార్లు కెప్టెన్ స్కాట్‌తో, మూడోసారి షాకిల్టన్‌తో. పేరు మాత్రం ఆ దొరలకే వచ్చింది.

ఆయన చేసిన పని ఒకటి చెబుతాను. 1912 ఫిబ్రవరిలో ధ్రువం దారి నుంచి ముగ్గురు వెనక్కి వస్తున్నారు. వాళ్లలో ఎవాన్స్ అనే అధికారి స్కర్వీ జబ్బుతో అడుగు వేయలేని స్థితికి వచ్చాడు. మూడో ఆయన లాష్లీ, ఎవాన్స్ దగ్గర గుడారంలో ఉండిపోయాడు. క్రీన్ ఒక్కడే సాయం కోసం బయల్దేరాడు. జేబులో మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ కడ్డీలు. గుడారం లేదు. దాదాపు 56 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన ఊరి నుంచి విజయనగరం వెళ్లేంత దూరం, మంచులో 18 గంటలు నడిచి శిబిరం చేరాడు. ఎవాన్స్ బతికాడు.

మీ మగ్ మీది ఫొటో మూడో యాత్రలోది. 1915లో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ వెడెల్ సముద్రంలో గడ్డకట్టిన మంచులో ఇరుక్కుపోయింది. ఓడ మీదే పుట్టిన ఆ పిల్లల్ని సాకిన బాధ్యత క్రీన్‌ది. ఫొటో తీసింది ఫ్రాంక్ హర్లీ అనే ఆస్ట్రేలియా ఆయన.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది నా వృత్తి సంగతి. వన్ టౌన్‌లో మా నాన్నగారి స్టూడియోలో గాజు నెగెటివ్‌లు, అంటే రీలు రాకముందు ఫొటోలు తీసిన గాజు ప్లేట్లు, నింపిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య పాత పేపరు ముక్క. అది అటక మీంచి దించాలంటే ఇద్దరు పట్టాల్సిందే, దించేలోపు నాన్నగారి అరుపులు వేరే. హర్లీ దగ్గర అలాంటివి అయిదు వందలకు పైనే ఉన్నాయి. మంచు నలిపేసిన ఓడలోకి నీళ్లొచ్చేస్తే, బట్టలు విప్పి ఆ మంచునీళ్లలో మునిగి ప్లేట్ల డబ్బాలు బయటికి తీశాడు. మూతలకు టంకం వేసి ఉండబట్టి లోపలికి నీళ్లు చేరలేదు. కానీ అంత బరువు మోసుకుపోవడం కుదరదు. షాకిల్టన్, హర్లీ మంచు మీద కూర్చుని ఒక్కొక్కటే చూసి, 120 దాకా ఉంచారు. మిగిలిన నాలుగొందల్నీ అక్కడే పగలగొట్టారు, మళ్లీ మనసు మారకుండా! నాకైతే చేతులు రావు.

అలా ఆ మంచులోంచి బయటపడ్డ ఫొటోల్లో మీది ఒకటి. కుక్కపిల్లలు మాత్రం బయటపడలేదమ్మా. పెరిగి స్లెడ్జి, అంటే మంచు మీద జారే బండి, లాగే జట్టయ్యాయి గానీ, తిండి కరువై యాత్రలోని కుక్కలన్నిటినీ కాల్చేయాల్సి వచ్చింది. మనుషులు 28 మందీ బతికారు. సాయం కోసం చిన్న పడవలో సౌత్ జార్జియా దీవికి, 1,300 కిలోమీటర్లు, వెళ్లిన ఆరుగురిలోనూ క్రీన్ ఉన్నాడు.

ఇక మీ అత్తగారి అభ్యంతరం. రిటైరయ్యాక క్రీన్ సొంతూళ్లో ‘సౌత్ పోల్ ఇన్’ అని పబ్ పెట్టుకున్నాడు. జనానికి గ్లాసు నింపి ఇచ్చిన మనిషి కాఫీకి ఏమీ అనుకోడని పెద్దావిడకి నా మాటగా చెప్పండి. షోకేసులో పెట్టే వస్తువు కాదిది.

బొమ్మ అంచు మీద గోరు నడిపి చూడండి. సన్నగా తగిలితే అది బట్టీలో కాల్చిన స్టిక్కరు, ఏళ్ల తరబడి ఉంటుంది. నున్నగా ఉంటే సబ్లిమేషన్ ప్రింట్, అంటే వేడికి రంగు ఆవిరై మగ్ మీది పూతలోకి దిగింది. వేడి కాఫీకి దానికేమీ కాదు. స్టీలు పీచుతో తోమితే పూత గీసుకుపోతుంది, ఎండ తగిలే కిటికీలో పెడితే వెలుస్తుంది. మెత్తటి స్పాంజి, లిక్విడ్ సబ్బు చాలు. పనమ్మాయికి ముందే చెప్పండి.

ఇంకో నాలుగు నిక్షేపంగా చేయించుకోవచ్చు. మన చట్టంలో ఇప్పుడు ఫొటో మీద హక్కు తీసినవాళ్లు పోయాక 60 ఏళ్లే, హర్లీ 1962లోనే పోయాడు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు ఫొటో షాపుల్లో ఈ పని చేస్తారు. అయితే మీ మగ్‌నే ఫోనుతో తీసి ఇవ్వకండి, గుండ్రం వల్ల మొహం వంకరపోతుంది, పైన లైటు మెరుపు ఒకటి. హర్లీ ఎండ్యూరెన్స్ ఫొటోలు సిడ్నీలోని స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి, వాళ్ల సైట్‌లో వెతికి పెద్ద సైజు ఫైలు దించుకోండి. నలుపు గోధుమరంగులోకి తిరుగుతుంటుంది కాబట్టి ముందు ఒక్కటి వేయించి చూసుకోండి. ఇంట్లో ఎడమచేతివాటం వాళ్లుంటే ఆ సంగతీ షాపులో చెప్పండి, లేకపోతే బొమ్మ ఎదుట కూర్చున్నవాళ్లకే కనిపిస్తుంది.