నెల తిరక్కుండానే పెట్టె సర్దకు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక జావా కోర్సు కోసం హైదరాబాద్ వచ్చి మూడు వారాలైంది. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఐదుగురం ఒకే గదిలో ఉంటున్నాం. క్లాసు బాగానే అర్థమవుతోంది. కానీ తిండి సయించడం లేదు, రాత్రయితే ఏడుపొస్తోంది. నా యాస విని నవ్వుతున్నారు. ఇంటికెళ్లిపోయి బ్యాంకు పరీక్షలు రాసుకోనా?

జవాబు: బాబూ, "క్లాసు బాగానే అర్థమవుతోంది" అని నువ్వే రాశావు. అంటే నీ ఇబ్బంది చదువుతో కాదు, ఊరు కాని ఊరితో. బ్యాంకు ఉద్యోగం మంచిదే. కానీ బెంగ తీరుతుందని అటు వెళితే, రేపు ఏ దూరపు ఊళ్లోనో పోస్టింగ్ వస్తుంది. అక్కడా ఇదే బెంగ. కోర్సు అయ్యేదాకా ఆ నిర్ణయం పక్కన పెట్టు.

ముందు తిండి చూసుకో. కడుపు నిండని రాత్రి దిగులు రెట్టింపవుతుంది. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి తెప్పించుకో. మెస్ కూర దిగని రోజున కర్రీ పాయింట్‌లో పప్పు తెచ్చుకో. ఆదివారం ఎర్రగడ్డ రైతు బజారుకెళ్లి పళ్లు కొనుక్కో. మెట్రోలో రెండు స్టేషన్లే.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో రోజూ ఒకే ఇడ్లీ బండి దగ్గర తినేవాణ్ని. పదో రోజున బండి ఆయన నేను అడక్కుండానే ప్లేటులో కారప్పొడి వేసి, పక్కన ఇంకో చెంచా నెయ్యి పోశాడు. ఆ రోజు క్లాసుకి వెళ్తుంటే వీధి కొత్తగా అనిపించలేదు. నువ్వూ టీ ఒకే చోట, ఒకే వేళకు తాగి చూడు.

అమ్మతో రోజూ మాట్లాడు, కానీ పడుకునే ముందు వద్దు. నువ్వు ఏడిస్తే ఆవిడకీ తెల్లవార్లూ నిద్రుండదు. సాయంత్రం క్లాసు అవగానే ఫోన్ చెయ్యి.

యాస గురించి టెన్షన్ వద్దు. నువ్వు "ఏటి" అంటే వాళ్లు నవ్వనీ, వాళ్ల "జర", "గిట్ల" నువ్వు నేర్చుకో. ఇంటర్వ్యూలో చూసేది నీ కోడ్‌ని.

ఇంకో పని. ఒక ఆదివారం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లు. మారే పనే లేదు, నేరుగా వెళ్తుంది. అక్కడి ఐటీ ఆఫీసుల మధ్య కాసేపు నడిచి రా. రేపు ఇంటర్వ్యూ రోజున దారి వెతుక్కునే కంగారుండదు.

ఇవన్నీ చేసినా నిద్ర, ఆకలి రెండు వారాల పాటు కుదుటపడకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సిగ్గుపడకు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. వచ్చే పండక్కి పలాసకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు చూసుకో. టికెట్ దొరకగానే ఆ తేదీ అమ్మకు చెప్పు.